బల్లకి బయానా

ఆ రోజుల్లో హోటల్లో కూర్చోవడానికి కూడా ముందే డబ్బు కట్టాలని ఎవరైనా చెబితే, రాయగడలో మా కొట్ల వీధి వీధంతా నవ్వి ఊరుకునేది. ఆకలేస్తే వెళ్తాం, ఖాళీ ఉంటే కూర్చుంటాం, లేకపోతే తింటున్నవాడి వెనకాల నిలబడి వాడు మజ్జిగలోకి ఎప్పుడొస్తాడా అని చూస్తాం. హోటలంటే అంతేగా! ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఫోనులోనే టేబుల్ పట్టేసి, రాకపోతే డబ్బు తిరిగి రాదన్న షరతుని చదవకుండానే ఒప్పేసుకుంటారు. పైగా "నీకివన్నీ తెలీవులే అమ్మా" అంటారు. తెలియకపోవడమేమిటి, కేన్సిలేషన్ చార్జీ అనే పదార్థాన్ని వాళ్లు పుట్టకముందే నేను రుచి చూశాను. అదీ కోరాపుట్‌లో, ఒక దసరా సెలవుల్లో, మా అత్త ఉబ్బసం పుణ్యమా అని.

అత్తంటే మా నాన్నకి అక్క. మా నాన్న పొట్టంగిలో చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటూ, డిగ్రీ చదువుకోమని నన్ను రాయగడలో అత్త ఇంట్లో దింపాడు. చదువు సంగతి దేవుడెరుగు గానీ, వెళ్లిన మర్నాటి నుంచే అత్త మందుల సంచీ నా భుజానికెక్కింది. అందులో మాత్రలు, నోట్లో కొట్టుకునే పంపు, వేడినీళ్ల ఫ్లాస్కు, మఫ్లరు, ఆ మఫ్లరు తడిస్తే కట్టుకోవడానికి ఇంకో మఫ్లరు ఉండేవి. (ఆ సంచీ వేసుకుని నేను కాలేజీకి కూడా వెళ్లిన రోజొకటి ఉంది. దాని గురించి ఇక్కడ వద్దు.) అత్తకి ఊపిరి ఎప్పుడు అందుతుందో, ఎప్పుడు అందదో ఏ పంచాంగంలోనూ ఉండేది కాదు. పెళ్లికని పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, గుమ్మం దాకా వచ్చి, అక్కడ ఆయాసం అందుకుని మంచం మీద కూర్చుండిపోయేది. "మీరెల్లండి, నా కోసం ఆగకండి" అనేది. ఆ మాట ఆవిడ ఎన్నిసార్లు అని ఉంటుందో, మేం కూడా అలవాటుపడి చెప్పులేసుకుని వెళ్లిపోయేవాళ్లం.

మావయ్యది చింతపండు, ఎండుమిరపకాయల హోల్‌సేలు వ్యాపారం. ఉబ్బసం ఉన్న మనిషి ఇంటి వెనకాలే మిరపకాయల గోదామేమిటని అడక్కండి. ఆ సంగతి డాక్టరుగారికి కూడా మావయ్య చాలాకాలం చెప్పలేదు. మావయ్య నెమ్మదస్తుడు, మాట తక్కువ, కానీ బయానా దగ్గర మాత్రం బండరాయి. బయానా ఇచ్చినవాడు చెప్పిన రోజుకి సరుకెత్తకపోతే ఆ బయానా పోయినట్టే, కాళ్లావేళ్లా పడ్డా తిరిగిచ్చేవాడు కాదు. అలాగని అదంతా ఒకవైపు న్యాయమనుకోకండి. ఒకసారి బయానా పుచ్చుకున్నాక, ఆ గడువు దాకా, సరుకు తన గోదాములోనే ఉన్నా తనది కాదనేవాడు. మధ్యలో ఇంకొకరొచ్చి రెట్టింపు ధర ఇస్తామన్నా బస్తా మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. "ఆ సరుకు కొన్నోడిది. ఆడు ఎక్కడికి తోలమంటే అక్కడికి తోలాలి" అనేవాడు. మా వీధిలో వర్తకులందరిదీ అదే పద్ధతి, మావయ్యది కొంచెం ముదిరిన పద్ధతి.

అలాంటి ఇంట్లోంచి ముగ్గురం కోరాపుట్ బయల్దేరడానికి కారణం డాక్టరుగారు. కొండగాలి పడితే అత్తకి మంచిదన్నాడు. (ఆ కొండల మీద దసరా వేళకి మంచు కూడా పడుతుందని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.) అప్పటికి ఆ రైలు మార్గం ఇంకా కొత్తదే. సొరంగం వచ్చినప్పుడల్లా పొగ పడుతుందని అత్త ఊపిరి బిగబట్టేది. దారంతా సొరంగాలే కాబట్టి, పొగ వల్ల రాని ఆయాసం ఊపిరి బిగబట్టడం వల్ల వచ్చింది.

కోరాపుట్‌లో మేం దిగిన లాడ్జికి కొంచెం ఎగువన, కొత్తగా ఒక హోటల్ తెరిచారు. అద్దాల తలుపులు, ఫ్యామిలీ హాలు, బల్లల మీద తెల్లటి గుడ్డలు, గుడ్డల మీద ప్లాస్టిక్ గులాబీలు. అత్త లాడ్జి వరండాలోంచి దాన్నే చూస్తూ కూర్చునేది. పండగ రద్దీ వల్ల ముందు బయానా కట్టినవాళ్లకే టేబుల్ అని బయట బోర్డు పెట్టారు. పార్శిల్ తెచ్చేస్తాను, ఎందుకొచ్చిన గొడవ అన్నాను నేను.

"అన్నం కోసమేటే అమ్మి? అన్నం మనింట్లో నేదేటి?" అంది అత్త. "కాపరానికి వచ్చిన కాడి నుంచి ఏటి వండమంటారు, ఏటి వడ్డించమంటారు అని నేను అందర్నీ అడగడమే గాని, నన్ను ఒక్కలూ అడగనేదు. బల్ల ముందర కూకుంటే ఒకడొచ్చి, ఏటి కావాలమ్మా అనడగాల. నేను ఆలోసించి సెప్పాల. అదీ నాకు కావల్సింది."

మావయ్య లేచి చొక్కా తొడుక్కుని వెళ్లి బయానా కట్టొచ్చాడు.

ఆ సాయంత్రం అత్త గంధంరంగు చీర కట్టుకుంది. నేను సంచీ తగిలించుకున్నాను. ముగ్గురం మెట్లు దిగామో లేదో, ఎదుట ఉన్న హోటల్ కనిపించడం మానేసింది. కొండ మీద నుంచి మంచు దిగి, వీధి, దీపాలు, అద్దాల తలుపులు అన్నిటినీ కప్పేసింది. అత్త నాలుగడుగులు వేసి గోడ పట్టుకుంది. పంపు కొట్టి, ఫ్లాస్కు తీసి, ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని గదిలోకి తెచ్చేశాం. ఆవిడ కాస్త సర్దుకున్నాక నేను హోటల్‌కి పరిగెత్తి, రాలేకపోతున్నాం, డబ్బు ఇచ్చేయమన్నాను. మేనేజరు కటకం వైపు ఒడియా మనిషి, మాటమాటకీ అయ్యా అన్నట్టు "ఆగ్యా" అనే మర్యాదస్తుడు. డబ్బు ఇవ్వనని ఇంత మర్యాదగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"ఆగ్యా, రద్దు చేసేది ఉంటే పొద్దున్నే చెప్పాలి. అదీ నియమం" అన్నాడు.

"ఆయాసం పొద్దున్నే చెప్పి వస్తుందా?" అని నేను రంకెవేశాను. హాలంతా తినడం ఆపి నన్ను చూసింది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ప్రపంచంలో అన్యాయాలన్నీ నన్ను అడిగే జరగాలన్న పట్టుదలతో ఉండేదాన్ని. ఇంతా అరిచి ఉత్తి చేతులతో వచ్చి మావయ్యకి ఫిర్యాదు చేస్తే, ఆయన నిదానంగా, "బయానా కదమ్మి. ఆడు సేసింది న్యాయమే" అన్నాడు. అత్త మంచం మీద నుంచే ఆయన వైపు చూసిన చూపుకి ఎండుమిరప బస్తా అయితే అంటుకునేది.

మర్నాడు మధ్యాహ్నానికి మావయ్య మళ్లీ బయానా కట్టాడు. మంచు లేదు, ఎండ కాస్తోంది. అడుగులో అడుగు వేసుకుంటూ, మధ్యలో ఒక బట్టల కొట్టు అరుగు మీద ఆగి, అత్తని హోటల్ గుమ్మం దాకా తీసుకెళ్లాం. అద్దాల తలుపు తీశారు. పండగ కదా, లోపల దేవుడి పటం ముందు నిండుగా గుగ్గిలం ధూపం వేశారు. హాలంతా తెల్లగా పొగ. అత్త ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, మా టేబుల్‌ని చూసింది. గులాబీ పక్కన మావయ్య పేరు రాసిన చీటీ కూడా కనిపిస్తోంది. అంతే, దగ్గు తెర అందుకుంది. అటునుంచి అటే వెనక్కి.

ఆ పూట ఆయాసం తగ్గాక అత్త చీర మార్చుకుని, గంధంరంగు చీరని మడతలు పెట్టి ట్రంకుపెట్టెలో అడుగున పెట్టింది. అప్పుడు అంది. "రేపు పొద్దున్నే ఎల్లిపోదాం. ఇంక నన్ను ఏ ఊరూ తేవొద్దు. నా ఊపిరి నన్ను తింటాది, సరే. మీ డబ్బులూ, మీ సరదాలూ కూడా తినేస్తన్నాది. ఇంట్లో ఓ మూల పడుంటాను. మీరెల్లండి, నా కోసం ఆగకండి."

ఎప్పుడూ వినే మాటే. కానీ అంతకుముందు అది పెళ్లికో పేరంటానికో అన్న మాట. ఈసారి మొత్తానికి అంటోందని నాకు తెలిసిపోయింది. మావయ్యకీ తెలిసింది. ఆయన మొహం అలా వాడిపోవడం అంతవరకు నేను చూడలేదు. కిటికీలోంచి హోటల్ వైపు చూసి, "రా అమ్మి" అని లేచాడు. ఈ రాత్రికి కూడా బయానా కడతానన్నాడు. ఈయనకి మతిపోయిందనుకుంటూ వెంట వెళ్లాను.

మేనేజరు ఈసారి పాపం నిజంగానే బాధపడ్డాడు. "బాబూ, మళ్లీ రాలేకపోతే డబ్బు పోతుంది. మీరు పార్శిల్ తీసుకోండి" అన్నాడు.

"పార్శిలొద్దు. ఒక్క మాట సెప్పు. మేం రాలేదు, అన్నం తిన్లేదు. మరి ఈ డబ్బు దేనికి పుచ్చుకున్నావు?" అన్నాడు మావయ్య.

"అది భోజనానికి కాదు ఆగ్యా, టేబుల్‌కి. మీ కోసం ఖాళీగా ఉంచాను. ఎంత మంది వచ్చినా ఇంకొకరికి ఇవ్వలేదు."

మావయ్య మొహం వెలిగింది. కొట్లో బేరం కుదిరినప్పుడు వెలిగే వెలుగది. "అలగ సెప్పు! అంటే నేను బయానా ఇచ్చింది అన్నానికి కాదు, బల్లకి. ఈ పూటంతా ఆ బల్ల నాది. నా సరుకు నా ఇష్టం ఉన్నకాడికి తోలించుకుంటాను. ఇదిగో ఈ పూట బయానా. బల్లని కిందనున్న లాడ్జీ వరండాకి పంపించు. గుడ్డా, పువ్వూ కూడాను. అడిగే మనిషిని మర్సిపోకు."

మేనేజరు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. మావయ్య హాస్యమాడటం లేదు. ఆయన వర్తకంలో అది ధర్మం, అంతే. రాయగడ నుంచి తెచ్చుకున్న ఆ ధర్మాన్ని కోరాపుట్ హోటల్లో నిలబెట్టి, సరుకు కొన్నవాడిదా అమ్మినవాడిదా అని తీరిగ్గా విడమరిచి అడుగుతుంటే, లోపల అన్నం తింటున్న షావుకారొకడు చెయ్యి ఎంగిలిదని కూడా చూడకుండా పైకెత్తి, "ఆయన సెప్పింది రైటే" అన్నాడు. మేనేజరు తలపట్టుకుని, కాసేపటికి తనే నవ్వేసి, సర్వర్లని పిలిచాడు.

ఇంక ఆ ఊరేగింపు గురించి ఏం చెప్పమంటారు? దసరా సాయంత్రం, వీధి నిండా కొత్తబట్టల జనం. ముందు మావయ్య. ఆయన వెనకాల బల్ల మోస్తూ ఇద్దరు సర్వర్లు. నాలుగు కాళ్లు తలకిందులుగా ఆకాశంలోకి. ఆ వెనకాల ఒక చేత్తో ప్లాస్టిక్ గులాబీ, భుజాన మందుల సంచీతో నేను. అందరికంటే వెనక మేనేజరు, తన బల్ల తిరిగొస్తుందో రాదో అని. ఆ జనంలో నాకు ఎదురు పడాల్సింది ఎవరు? మా ఇంగ్లీషు లెక్చరరు! సునాబెడలో అత్తవారింటికి పండక్కొచ్చి, భార్యాపిల్లలతో కోరాపుట్ షికారు వచ్చాడు.

"ఏమ్మా, ఇల్లు మారుతున్నారా?" అన్నాడు.

"అవునండీ" అన్నాను. అంతకంటే తేలికైన సమాధానం నాకు తోచలేదు. ఆయన గులాబీ వైపు చూసి, ఇంకేమీ అడక్కుండా పిల్లల్ని పక్కకి తీసుకున్నాడు.

వరండాలో బల్ల వేశారు. చలిగాలి రాకుండా దుప్పట్లు కట్టాం. గుడ్డ పరిచారు, గులాబీ పెట్టారు, దాని పక్కన నేను అత్త పంపు పెట్టాను. మావయ్య లోపలికి వెళ్లి, ట్రంకుపెట్టె అడుగునుంచి గంధంరంగు చీర తీసి మంచం మీద పెట్టి బయటికొచ్చేశాడు. అత్త వచ్చి చూసి నోరు తెరిచింది, తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వెళ్లి చీర కట్టుకునొచ్చి, బల్ల ముందు నిటారుగా కూర్చుంది.

సర్వరు వచ్చి చేతులు కట్టుకుని, "ఏటి కావాలమ్మా?" అన్నాడు. వాడు విజయనగరం మనిషని అప్పుడే తెలిసింది.

అత్త ఆలోచించింది. మేనేజరు హోటల్లో ఉన్న స్పెషల్ కూరలన్నీ వల్లించాడు. అత్త మళ్లీ ఆలోచించింది. మేమందరం ఊపిరి బిగబట్టాం, ఆవిడ తప్ప. చివరికి "ఇడ్లీ" అంది.

(ఇంట్లో రోజూ తినేది అదే. నేను నవ్వు ఆపుకోలేక మందుల సంచీలో తల దూర్చాను.)

ఒకటిన్నర ఇడ్లీ తిని చెయ్యి కడుక్కుంది. ఇంకేటి కావాలమ్మా అని అడిగాడు సర్వరు. "ఏటీ వద్దు బాబు. ఇంకొంచెంసేపు ఇలగ కూకోనీ" అంది అత్త. మావయ్య ఎదురుగా కూర్చుని, బల్ల గుడ్డని సరిచేస్తూ ఉండిపోయాడు. బయట మంచు దిగుతూనే ఉంది.

మర్నాడు ఇంటికెళ్లే మాట అత్త ఎత్తనే లేదు. ఆ తర్వాత కూడా ఆవిడ ఏ ఊరికీ రానని అనలేదు. పోయేవరకు మాతోనే తిరిగింది, దారిలో ఆగుతూ, పంపు కొట్టుకుంటూ, ఎన్నో హోటళ్లలో బయానాలు పోగొట్టుకుంటూ. ఏ ఊళ్లో దిగినా ముందు ఎదుటి హోటల్‌ని ఒకసారి ఎగాదిగా చూసి, మోచేత్తో నన్ను పొడిచి, "లోపలికెల్లి సూసిరా అమ్మి, ఈల్ల బల్లలు బరువో, తేలికో" అనేది.

అలవాటు చెడ్డది. ఇప్పుడు పిల్లలు ఏ పెద్ద హోటల్‌కి తీసుకెళ్లినా, మెనూ కార్డు చేతికి రాకముందే నా ఎడమచెయ్యి తనంతట తానే బల్ల అంచు కిందికి పోయి, కాస్త ఎత్తి చూస్తుంది. గ్లాసులు గలగలమంటాయి. సర్వరు కంగారుగా పరిగెత్తుకొచ్చి ఏం కావాలి మేడమ్ అంటాడు. నేను ఆలోచిస్తాను.