ఏడో పాట

జెనీవా టాలివర్ మెంఫిస్‌లో సిటీ బస్సు నడిపేది. అంతకు ముందు, తొంభైలలో, నీవా టి అన్న పేరుతో ర్యాప్ పాడేది. మొదటి రెండు ఆల్బమ్‌లు క్యాసెట్లుగా వచ్చాయి. కారు డిక్కీలో వేసుకుని క్షవరం షాపుల ముందూ, స్కేటింగ్ హాలు ముందూ తనే అమ్ముకునేది. రెండోది పక్క రాష్ట్రం ఆర్కన్సా దాకా పాకింది. అది విని ఓ మ్యూజిక్ కంపెనీ వాళ్ళు వచ్చి సంతకం పెట్టించుకున్నారు. మూడో ఆల్బమ్ రికార్డింగ్ పూర్తయిన నెలకే ఆ కంపెనీ మూతపడింది. టేపులు ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలియలేదు. బస్సెక్కినవాళ్ళలో ఆమెను గుర్తుపట్టినవాళ్ళు మూడోది ఎప్పుడని అడిగితే నవ్వి ఊరుకునేది.

నిజానికి అది బయటికి రాకపోతేనే ఆమెకు నిశ్చింత. అందులో ఏడో పాట అక్క ఎర్లీన్ మీద కట్టింది. తల్లిని మట్టిచేసిన రోజు ఎర్లీన్ రాలేదు. అమ్మ శవపేటికను పరాయివాళ్ళు మోస్తుంటే నువ్వు ఏ మగాడి పక్కన ఉన్నావని, పేరు పెట్టి మరీ, జెనీవా ఆ పాటలో అక్కను కడిగేసింది. రెండేళ్ళ తర్వాత తెలిసింది, ఆ రోజు ఎర్లీన్ ఐదో నెల కడుపు పోయి ఆసుపత్రి మంచం మీద ఉందని. అక్కచెల్లెళ్ళు కలిసిపోయారు. పాట సంగతి మాత్రం జెనీవా చెప్పలేకపోయింది.

రికార్డింగ్ అయిన ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత, మూతపడ్డ ఆ కంపెనీని కొన్న కొత్త యజమానుల నుంచి ఫోనొచ్చింది. టేపులు దొరికాయట. సెప్టెంబరులో విడుదల, ఉన్నది ఉన్నట్టుగా. హక్కులు వాళ్ళవి. జెనీవాకు అన్నం సయించలేదు. ఆ ఆదివారం చర్చి అయ్యాక నేరుగా అక్క ఇంటికి వెళ్ళింది. ఎర్లీన్ చేపలు వేయిస్తోంది.

"అక్కా, పొయ్యి కట్టేసి కూర్చో. నీకొకటి చెప్పాలి."

"చేప మాడిపోతుంది. నుంచునే వింటాను, చెప్పు."

జెనీవా చెప్పింది. అమ్మ, పేటిక, ఆ మాటలు, అన్నీ. ఎర్లీన్ చేపను తిరగేసింది.

"ఏడో పాటేగా?"

"నీకెలా తెలుసు?"

"అప్పట్లోనే నిన్ను వెతుక్కుంటూ స్టూడియోకి వచ్చాను. నువ్వు లేవు. మీ సౌండు ఇంజనీరు మార్విస్ ఉన్నాడు. మీ చెల్లెలి కొత్త పాటలు వినండంటూ మురిసిపోయి, ఆ ఆల్బమ్‌ని ఓ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చాడు, పాపం."

"విన్నావా?"

"కార్లో కూర్చుని విన్నాను. ఏడాది పాటు నీ మొహం చూడబుద్ధి కాలేదు. ఆ తర్వాత మళ్ళీ మళ్ళీ విన్నాను. ఆ పాటలో నువ్వు చెప్పినట్టు అమ్మ చేతుల గురించి అంత బాగా ఇంకెవరు చెప్పారే? రెండో చరణంలో ఊపిరి చాలక తడబడ్డావు, అదొక్కటే."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావని చూశాను. బస్సు కూడా ఇంత ఆలస్యంగా నడుపుతావా ఏంటి?"

జెనీవాకు ముందు నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఏడుపు. ఎర్లీన్ చెల్లెలి కళ్ళు తుడవలేదు, పళ్ళెం చేతికిచ్చింది. జెనీవా నాలుగు ముక్కలు తిని, బూట్లయినా విప్పకుండా సోఫాలో పడి సాయంత్రం దాకా నిద్రపోయింది.

పాట తీసేయమని కంపెనీని బతిమాలతానంటే ఎర్లీన్ ఒప్పుకోలేదు. "ఉండనీ. కానీ ఆ రోజు నేనెక్కడున్నానో కూడా చెప్పు." కంపెనీ సరేనంది. జులైలో జెనీవా చివరి పాటగా పదహారు పంక్తులు కొత్తగా పాడింది. స్టూడియో అద్దం అవతల కూర్చున్న ఎర్లీన్ మధ్యలో మైకు మీట నొక్కింది.

"మూడో అంతస్తు కాదు. ఆసుపత్రిలో నేనున్నది నాలుగో అంతస్తు."

"నాలుగంటే ప్రాస కుదరదక్కా."

"అయితే ప్రాస మార్చుకో."

జెనీవా పెన్సిలు తీసుకుంది.