పదంటే పదికే వచ్చిన జర్మన్ మేడం

ఆ రోజుల్ల నాకు కొత్తదేది కనవడ్డా, ఎందుకు ఏమిటని అడగకుండ దాంట్ల దుంకుడే అలవాటు. గట్లనే హైదరాబాద్‌ల యూనివర్సిటీల ఎకనామిక్స్ చదువుకుంట, పక్కన మైనర్ సబ్జెక్టుగ జర్మన్ తీసుకున్న. (మైనరంటే చిన్న సబ్జెక్టని మా అవ్వకు, అంటే బాపు వాళ్లమ్మకు చెప్తే, "ముందుగాల పెద్దది సదువు బిడ్డా" అన్నది.) నెల్లికుదురుల మా ఇంట్ల ఈ సంగతి తెలిసిన కాడికెల్లి బాపుకు ఒకటే చిరాకు. "గా భాషతోని మిర్చి తోటల కలుపు తీస్తవా ఏంది? వచ్చే సెమిస్టర్‌కు గది ఇడిసిపెట్టి కంప్యూటర్ది తీస్కో" అని ఖరాఖండిగ చెప్పేసిండు. నాకేమో జర్మన్ అంటే పాణం. వచ్చింది తక్కువే గాని ప్రేమ మస్తు. బాపు ఒక్కసారి వద్దన్నడంటే ఇగ అంతే, మా ఇంట్ల ఎదురు చెప్పేటోళ్లు లేరు.

గప్పుడే మా జర్మన్ మేడం (నిజంగ జర్మనీకెల్లే వచ్చింది) మిర్చి తోట చూడాలని ఉన్నదన్నది. నా పంట పండిందనుకున్న. ఆమెను చూస్తే బాపు మెత్తవడతడని నా ఆశ. ఆదివారం మా ఊరికి బువ్వకు పిలిచి, నేను ముందుగాలే ఇంటికి పోయిన. ఎన్నింటికి రమ్మనాలె అని అమ్మనడిగితే, "పదికి రమ్మను, ఒంటిగంటకు దిగుతది" అన్నది. మా దిక్కు పిలుపంటే గట్లనే. చెప్పిన యాళ్లకు పోతే తిండికి మొగం వాచినోళ్లనుకుంటరని ఎవ్వరూ పోరు. రెండోసారి మనిషిని తోలితేనే కదులుతరు. జర్మనోళ్లు టైముకు ఎంత పక్కానో క్లాసుల ఒక పాఠమే చదివిన, పరీక్షల రాసిన గూడ. అయినా అమ్మ చెప్పిన పదే మేడంకు ఫోన్ల చెప్పిన.

ఆదివారం సరిగ్గ పదికి వాకిట్ల ఆటో ఆగింది. (ముందురోజే వరంగల్ వచ్చి, పొద్దుగాల మహబూబాబాద్‌ల రైలు దిగి, మా ఊరి సెంటర్ల పది కొట్టేదాక చాయ్ తాగుకుంట కూసున్నదట!) అమ్మ ఇంకా వాకిలి ఊడుస్తున్నది. బాపు నెత్తికి నూనె పెట్టుకొని, బనీను లుంగీ మీద కోడి ఎంబడి ఉరుకుతున్నడు. కూర కావాల్సిన ఆ కోడి గోడెక్కి కూసున్నది. తడి నెత్తికి తువ్వాల చుట్టుకొని నేను ఎదురువోయి రమ్మని అనబోతే, జర్మన్ మొత్తం ఆవిరైపాయె. మొదటి పాఠం ఒక్కటే నోట్లెకెల్లి బయటవడ్డది. "ఇది మా ఇల్లు. ఇల్లు పెద్దగ ఉన్నది. ఇంటికి కిటికీలు ఉన్నయి" అని జర్మన్‌ల ఒప్పజెప్పిన. మేడం పాపం కిటికీల దిక్కు చూసి, చాన మంచిగున్నయన్నది.

సిగ్గుతోని సచ్చిపోయిన. అయిపాయె, బాపు ముందట నా జర్మన్ ఖతం అనుకున్న. ఆమె మాత్రం చెప్పులిడిసి, అవ్వ పక్కన కూసొని ఎల్లిపాయల పొట్టు తీసుడు మొదలువెట్టింది. అవ్వ తెలుగుల, ఆమె జర్మన్‌ల, ఇద్దరూ ఆపకుండ ఒకటే ముచ్చట. నడుమ నేను తర్జుమా చేద్దామని పోతే, "నువ్వు జర పక్కకు జరుగు, మాకు ఎలుతురుకు అడ్డమొస్తున్నవ్" అన్నది అవ్వ.

కూర ఉడికేసరికి ఒంటిగంట దాటింది. (అమ్మ లెక్క తప్పలే!) తిని, తోట చూసి వచ్చినంక, బాపు గొంతు సవరించుకొని, "మా పిల్లకు గా భాష ఏమన్న వస్తదా, అడుగు" అన్నడు. నా గురించి నేనే అడగాలె, మళ్ల జవాబు నేనే చెప్పాలె! మేడం మొగమాటం లేని మనిషి. "తప్పులు మస్తు చేస్తది, గాని భయపడకుండ మాట్లాడతది" అన్నది. ఆ ముందటి ముక్క మింగేద్దామని ఎంత అనిపించిందో! గాని మేడం నా మొగమే చూస్తున్నది. ఉన్నదున్నట్టు బాపుకు చెప్పిన.

బాపు వాకిలి దిక్కు చూసిండు. తర్వాత మెల్లగ అన్నడు: "కూలోళ్లు ఏడుకొస్తమంటే తొమ్మిదైతది. ట్రాక్టరాయన రేపంటే వారమైతది. కరెంటోళ్ల సంగతి చెప్పనే వద్దు. నా పుట్టుకల, చెప్పిన యాళ్లకు నా వాకిట్ల కాలువెట్టిన మనిషి గీమె ఒక్కతే. గీమె దగ్గర సదువుకో బిడ్డా, వద్దనను." నాకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చినయి.

ఇప్పుడు ఎవరన్న జర్మన్‌ల పలకరిస్తే తడవడుకుంటనే జవాబు చెప్త. టైము మాత్రం మంచిగ అంటుకున్నది. మొన్న జనగామల దోస్తు ఇంటికాడ దావత్‌కు చెప్పిన యాళ్లకు పోతే, కుర్చీలేసేటోళ్లు గూడ రాలే. నన్ను చూసి దోస్తు వాళ్లమ్మ, "వచ్చినవా బిడ్డా, మంచిగాయె" అనుకుంట చేతిల చీపురు వెట్టింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎగజెక్కుకొని వాకిలి ఊడుసుకుంట, ఒక్కదాన్నే నవ్వుకున్న.