చీర రంగు అడిగిన టీచర్

పాత ఫొటో పటం వెనక మేకులు ఊడదీస్తే ఒక వాసన వస్తుంది. చెమ్మ పట్టిన అట్ట, ఎండిన జిగురు, ఎన్నో ఏళ్ల అగరొత్తుల పొగ కలిసిన వాసన. కోదాడలో నా దుకాణంలో ఆ వాసన తగిలిందంటే సూర్యాపేటలోని సువార్తమ్మ టీచర్ గది గుర్తొస్తుంది. ఆమె దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. ఇవాళ నా చేతిలో ఉన్న విద్య ఆమె పెట్టిందే. అయితే ఆమె చేసిన ఒక పని సరైనదో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

టీచర్ బళ్లో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యారు. తర్వాత కంప్యూటర్ నేర్చుకుని, ఇంటి ముందు గదిలో పాత ఫొటోలు బాగుచేయడం మొదలుపెట్టారు. చిరిగిన నలుపు తెలుపు ఫొటోను స్కాన్ చేసి, మరకలు తీసి, చెదలు తిన్న చెవినో వేలినో మళ్లీ గీసి, కావాలన్నవాళ్లకు రంగులు వేసేవారు. డిగ్రీ అయి ఇంట్లో ఖాళీగా ఉన్న నేను ఆత్మకూరు నుంచి రోజూ బస్సులో వచ్చి ఆ పనిలో చేరాను. మొదటి వారంలోనే ఒక ముసలాయన తలపాగాకు ఎర్ర రంగు వేశాను. స్క్రీన్ మీద చాలా బాగుంది. టీచర్ నా వెనక నిలబడి చూసి, ఎర్రదని ఎవరు చెప్పారని అడిగారు. ఎవరూ చెప్పలేదన్నాను. "అయితే తీసెయ్. ఫోన్ చేసి వాళ్లనే అడుగు" అన్నారు. ఆ ఫొటోల్లో ఎరుపైనా పచ్చయినా ఒకే బూడిద రంగులో కనబడతాయి. ఏది ఏదో చూసినవాళ్లే చెప్పాలి. అడగకుండా ఆమె ఒక గుండీకి కూడా రంగు వేయనిచ్చేవారు కాదు.

ఒక వేసవిలో సైదులు అనే ఆయన, తిరుమలగిరిలో ఉండే ఆయన చెల్లెలు పద్మ కలిసి వాళ్లమ్మ ఫొటో తెచ్చారు. ఆ తల్లికి ఉన్నది ఆ ఒక్క ఫొటోనే. స్టూడియో కుర్చీలో నిటారుగా కూర్చుని, కొంగు రెండు చేతులతో పట్టుకుని ఉంది. వీళ్లకు ఏడేళ్లు, ఐదేళ్లు ఉన్నప్పుడే ఆమె పోయిందట. చీర ఏ రంగని టీచర్ అడిగితే అన్న ఎరుపన్నాడు, చెల్లెలు ఆకుపచ్చ అంది. కడసారి అమ్మ మీద కప్పింది ఎర్ర చీరేనని ఆయన పట్టుబట్టాడు. అమ్మ ఒళ్లో పడుకుంటే కళ్ల ముందు పచ్చగా ఉండేదని ఆమె చెప్పింది. మాట మాట పెరిగింది. అమ్మ ముఖం నీకసలు యాదికున్నదా అని ఆయన అనేసరికి పద్మ లేచి బయటికి వెళ్లిపోయింది.

వాళ్ల చిన్నమ్మ మిర్యాలగూడలో ఉందని తెలిసి టీచర్ నన్ను పంపారు. ఫొటో చూడగానే ఆ పెద్దావిడ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"ఇది నా చీర బిడ్డా. గులాబి రంగుది. ఫొటో దిగేటందుకు ఇచ్చిన. అక్కకు నలుగురిలకు కట్టుకపోయే చీర ఒక్కటి గూడ లేకుండె. ఈ ముచ్చట పిల్లలకు చెప్పకు. మనసు కష్టపెట్టుకుంటరు."

చెప్పనని ఆమె చేయి పట్టుకుని మాటిచ్చాను. టీచర్‌కు మాత్రం తిరిగి రాగానే అంతా చెప్పాను. ఆమె ఆ పూట మౌస్ ముట్టుకోలేదు.

చివరికి ముఖానికీ చేతులకూ కుర్చీకీ రంగులు వేసి, చీరను మాత్రం బూడిద రంగులోనే వదిలేశారు. ఇది ఇంతేనా అన్నాడు సైదులు. ఆ రంగు నేను వెయ్యలేను అని మాత్రం చెప్పారు టీచర్. ఆయన విసుక్కుని, ఇంకోచోట ఎర్ర చీర వేయించుకున్నాడు. పద్మ మాత్రం బూడిద చీర ఫొటోనే పట్టుకుపోయింది. ఇక అయిపోయిందనుకున్నాను.

నెల తర్వాత మాటల మధ్య తెలిసింది, టీచర్ బస్సెక్కి తిరుమలగిరి వెళ్లి పద్మకు అంతా చెప్పేశారని. నాకు ఒళ్లు మండింది. నేను మాటిచ్చానని మీకు తెలుసు కదా అన్నాను.

"మాట నువ్విచ్చినవ్. నేనియ్యలే" అన్నారు. మళ్లీ తనే, "నా పచ్చ చీర అబద్ధమా టీచర్ అని పద్మ రెండుసార్లు ఫోన్ చేసింది. ఎట్ల ఊకుంటం?" అన్నారు.

పద్మ ఏమందని అడిగాను.

"ఏడ్వలే. ఆ చీర మళ్ల చిన్నమ్మకు ఇచ్చేటప్పుడు మా అమ్మ ఏమన్నదో అని అడిగింది. నేనేం చెప్పాలె? అప్పటి సంది నాకు గదే తిరుగుతున్నది. చెప్పి మంచి చేసిన్నో, చెడు చేసిన్నో నాకూ తెలుస్తలేదు."

తెలియకపోతే ఎందుకు చెప్పారని కసిరి ఆ రోజు మధ్యలోనే ఇంటికి వచ్చేశాను. మిర్యాలగూడ పెద్దావిడ ముఖం కళ్ల ముందు మెదిలినప్పుడల్లా టీచర్ మీద కోపం వచ్చేది. పద్మ గుర్తొస్తే ఆ కోపం నిలిచేది కాదు. మూడు వారాల తర్వాత మళ్లీ పనిలోకి వెళ్లాను. ఆ సంగతి మా ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు. టీచర్ పోయి రెండేళ్లయింది. అడగాల్సిన మనిషి ఇక లేదు.

ఇప్పుడు కంప్యూటర్ ఒక్క నొక్కుతో ఎవరినీ అడగకుండా రంగులన్నీ వేసేస్తుంది. మరకలు తీయడానికి నేనూ దాన్ని వాడతాను కానీ, అది వేసిన రంగులు చెరిపేసి, అడగడం మొదలుపెడతాను. మొన్న దామరచర్ల నుంచి ఒక మేస్త్రీ వాళ్ల నాన్న ఫొటో తెచ్చాడు. చొక్కా ఏ రంగో తెలియదన్నాడు. అమ్మకు ఫోన్ చేసి అడగమన్నాను. ఆమె అవతల ఏదో అడిగింది. అతను అయోమయంగా ఫోను నా వైపు చాపి, "మీకే చెప్తదంట మేడం" అన్నాడు. తీసుకున్నాను. ఆమె ఏం చెప్పబోతుందో, అది ఎదురుగా కూర్చున్న కొడుకుకు చెప్పాలో వద్దో తెలియకుండానే, "చెప్పమ్మా" అన్నాను.