ఖాళీ కాని తపేలా

ముసలివాళ్లను చూసుకునే పని దొరికి జపాన్‌లో నేను చేరిన ఈ పల్లె చుట్టూ కొండలే. ఆకురాలే కాలం వచ్చేసరికి అవి నిలువునా ఎర్రబడతాయి. టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడితే, చూసినంతసేపూ హాయిగానే ఉంటుంది. ఈలోగా పక్కింటి ముసలావిడ పెరట్లోకొచ్చి, పళ్లచెట్టెక్కిన కోతుల్ని తోలడానికి గిన్నెమీద గరిటెతో టంగుటంగుమని కొడుతుంది. అంతే, నాకు ఒళ్లు మండిపోతుంది. కొండలు కనబడవు. బర్మాలో మా ఊరు యాంగోన్, అందులో లమ్మడా పేట, మా మూడో అంతస్తు కనబడతాయి. పార్వతి పిన్ని కనబడుతుంది.

పిన్ని మాకు చుట్టం కాదు, ఎదురింటావిడ. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కూలీల మనవరాలు. అమ్మ ఫ్యాక్టరీకి పోతే నన్ను పెంచింది ఆవిడే. చిన్నప్పుడు ఒకసారి నేను ఆవిడ ఇత్తడి తపేలాను వాయిస్తుంటే నా చేతిలో గరిటె లాక్కుంది. "ఏటే ఆ పని? కాళీ గిన్ని మోగిస్తే ఇంట్లో బువ్వుండదే!" అంది.

సైన్యం గద్దెనెక్కిన ఏడు, చీకటి పడుతుంటే వీధంతా గిన్నెల మోతే. అలా మోగిస్తే పట్టిన పీడ పారిపోతుందని బర్మావాళ్ల నమ్మకం. పిన్ని మొదట్లో తలుపేసుకుని కూర్చుంది. ఓ రోజు ఆ తపేలాలో గుప్పెడు బియ్యం పోసుకుని బాల్కనీలోకి వచ్చింది. "ఇప్పుడిది కాళీ కాదు గదా," అని దబదబా బాదింది. నేనూ మా గిన్నెలో బియ్యం పోసుకున్నాను.

తర్వాత ఓ సాయంత్రం సైనికులు మెట్లెక్కి వచ్చి మా తలుపు తన్నారు. ఎవరు కొట్టారని అరిచారు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిన్ని తపేలా చంకనెత్తుకుని బయటికొచ్చి, "నేనే. ఇంకెవరూ కాదు," అని బర్మీస్‌లో చెప్పింది. ఒకడు తుపాకీ మడమతో ఆ తపేలాను పొడిచాడు. బియ్యం మెట్లమీద చెల్లాచెదరయ్యాయి. అప్పుడొచ్చింది పిన్నికి కోపం.

"కాలు తియ్యరా! తినే బియ్యం తొక్కుతావేట్రా, సచ్చినోడా!"

వాడికి తెలుగు రాదు. అయినా కాలు తీశాడు. ఆవిణ్ని మాత్రం వదల్లేదు, జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చుకుపోయారు. ఇంటర్నెట్ లేదు, ఫోన్లు కలవవు, రోడ్లు మూసేశారు. ఎక్కడ ఉంచారో అడగడానికి కూడా దిక్కులేదు. జైల్లో పోయిందని చాలాకాలానికి కబురొచ్చింది. శవాన్నయినా ఇవ్వలేదు దుర్మార్గులు.

నిన్న పక్కింటావిడ చెయ్యి నొప్పెడుతోందని గిన్నె నాకిచ్చింది. లోపలికెళ్లి గుప్పెడు బియ్యం తెచ్చి అందులో పోశాను. ఆవిడ వింతగా చూసింది. కొట్టాను. కోతులు ఎర్రటి కొండలోకి పరుగెత్తాయి. "పోయాయమ్మా, ఇక చాలు," అంది నవ్వుతూ.

నాకు చాల్లేదు. కొడుతూనే ఉన్నాను.