చివరి డబ్బా ముందు చేరిన రోజు

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది నాడీలోని ఒక సినిమా హాలులో నన్ను సీనియర్ ఆపరేటరుగా వేశారు. ఆపరేటరంటే ప్రొజెక్టర్ నడిపేవాడు. మా సేఠ్‌కు లౌటోకాలో ఇంకో హాలు ఉండేది. అక్కడి ఆపరేటర్ అప్పల్సామి నా చేతికింద పని నేర్చుకున్నవాడే. రెండు హాళ్ళకూ కలిపి ఒక చీఫ్ ఆపరేటర్ని వేస్తానని సేఠ్ అన్నప్పుడు, ఆ కుర్చీ నాదేనని నిశ్చింతగా ఉన్నాను.

బొంబాయి నుంచి సినిమాకు ఒకటే ప్రింటు వచ్చేది. అందుకని ఆట మా హాలులో ముందు మొదలయ్యేది. ఒక్కో డబ్బాలోని రీళ్ళు ఆడించి, వెనక్కి చుట్టి, టాక్సీలో లౌటోకా పంపేవాణ్ణి. డబ్బాల వరుస తప్పకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం.

ఆ ఏడు ఒక వింత ప్రేమకథ వచ్చింది. కథానాయికకు ఒక శాపం. ప్రియుడు కళ్ళెదుట ఉన్న రోజునే ఆమెకు వయసు పెరుగుతుంది, అతను దూరమైతే పడుచుగానే ఉండిపోతుంది. ఏడో డబ్బాలో ఆమె రేవులో ఒంటరిగా ఎదురుచూస్తుంటే అతని పడవ కనిపిస్తుంది. ఎనిమిదోది చివరిది. అందులో ఇద్దరూ కాపురం చేస్తారు, ఆమె ముసలిదై అతని ఒళ్ళో ప్రాణం విడుస్తుంది. దర్శకుడి ధైర్యం నాకు నచ్చింది. నాడీ జనం మాత్రం ఆవలిస్తూ బయటికొచ్చారు.

ఒకరోజు ఏడో డబ్బాతో వెళ్ళిన టాక్సీ సబేటో దగ్గర రేడియేటర్ మరిగి ఆగిపోయింది. వెనక బయలుదేరిన టాక్సీ దాన్ని దాటేసి ఎనిమిదో డబ్బాను లౌటోకా చేర్చింది. అక్కడ తెర ఖాళీ, జనం ఈలలు. అప్పల్సామి చేతికందింది ఆడించేశాడు. ఆమె చచ్చిపోయింది. అంతలో ఏడోదీ వచ్చింది, అదీ ఆడించాడు. చచ్చిన మనిషి రేవులో పడుచుపిల్లగా నిలబడింది, దూరాన పడవ కనిపించింది. జనం పునర్జన్మ అనుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు తడుపుకున్నారు. మర్నాడు హాలు కిటకిటలాడింది. తంతే గారెల బుట్టలో పడ్డట్టయింది వాడి పని.

నేను కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. అది పొరపాటని సేఠ్‌కు విన్నవించాను.

“పబ్లిక్ జౌన్ మాంగే, ఓహీ చలావ్ భైయా,” అన్నాడాయన. జనం అడిగేదే ఆడించమని. చీఫ్ పదవి అప్పల్సామికిచ్చాడు. నేను పని నేర్పినవాడి ఉత్తర్వు మీద ఆ సినిమాను తప్పు వరుసలో ఆడించాను.

అంతకుముందే, నా హాలులో ఆ సినిమాకు కునికిపాట్లు పడ్డ నా భార్య లచ్చమ్మ, బస్సెక్కి లౌటోకా వెళ్ళి మరీ చూసొచ్చింది. “అప్పల్సామి మంచిగ చూపించె. నాకు రోనా వచ్చె,” అంది, ఏడుపొచ్చిందని. పదవి పోయినందుకంటే ఆ మాటకే నా కడుపు ఎక్కువ మండింది.

రిటైరయ్యాక మా అల్లుడు ఆ సినిమా డిస్క్ తెచ్చాడు. వరుస సరిగ్గా ఉంది. ఇన్నేళ్ళకు నా మాట నెగ్గిందని లచ్చమ్మను పక్కన కూర్చోబెట్టాను. కథానాయిక ప్రాణం విడిచింది, పేర్లు పడ్డాయి. నేను టీవీ కట్టెయ్యబోయాను.

“బంద్ చెయ్యకు. ఆ పిల్ల రావాల,” అంది.

ఇక లేదన్నాను.

“అయితే అప్పల్సామిని బులావ్. ఆయన చూపిస్తాడు.”

డబ్బాల వరుస ఆపరేటర్ చేతిలో ఉంటుంది, చూసినవాళ్ళకు ఏది గుర్తుండాలన్నది ఉండదు. నేను నేర్చుకున్నది ఇంతే. అప్పల్సామి మీద కుళ్ళు మాత్రం తగ్గలేదు.