డిస్కులో లేని ఖరగ్‌పూర్

మొన్న అక్కావాళ్ళింటికి వచ్చినప్పుడు మిక్సీ జారుకి రబ్బరు వాషరు కావాలని హౌరా వంతెన దాటి చాందినీ బజారుకి వెళ్ళాను. పక్క కొట్టులో జుట్టు నెరుస్తున్న పెద్దమనిషి ఒకాయన వీడియో గేమ్ డబ్బా ఒకటి అటూ ఇటూ తిప్పుతూ, "ఈ పైన రాసినవన్నీ డిస్కులోనే ఉన్నాయా, లేకపోతే లోపల కాగితం ముక్క పెట్టి సరిపెట్టాడా?" అని బెంగాలీలో నిలదీస్తున్నాడు. కొట్టువాడు ఏమీ తొణకలేదు. కొన్ని కంపెనీలు అదనపు భాగాలన్నీ డిస్కులోకే ఎక్కించి ఇస్తాయి, కొన్ని అసలు ఆట ఒక్కటే డిస్కులో పెట్టి మిగతావాటికి కోడ్ ఇస్తాయి, డబ్బా విప్పితేగాని తెలీదు, విప్పాక వెనక్కి తీసుకోను అన్నాడు. అరవై మూడేళ్ళ ఆడమనిషిని, రిటైరైన తెలుగు టీచరుని, నాకా సంభాషణతో ఏం పని? అయినా అక్కడే నిలబడి మొత్తం విన్నాను. వాషరు మాట మరిచిపోయి ఇంటికి వచ్చేశాను.

మా బావ రైలింజను డ్రైవరుగా చేశాడు. ఇరవయ్యేడేళ్ళపాటు హౌరా నుంచి ఖరగ్‌పూర్‌కీ, ఖరగ్‌పూర్ నుంచి హౌరాకీ బండి నడిపి, చివరికి కంటి పరీక్షలో తప్పాడు. మెడికల్‌లో తప్పిన డ్రైవరుని ఇంజను ఎక్కనివ్వరు. షెడ్డులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు, అక్కడి నుంచే రిటైరయ్యాడు. మిగతా డ్రైవర్లకి ఆఖరి ట్రిప్పు అంటే పెళ్ళంత సంబరం. ఇంజనుకి పూలదండలు కడతారు, ప్లాట్‌ఫారం మీద డప్పులు కొడతారు, పెళ్ళాంబిడ్డలు ఎదురొచ్చి స్వీట్లు పంచుతారు. బావకి అదేదీ జరగలేదు. తను ఆఖరిసారి నడిపిన బండి ఆఖరిదని నడిపేటప్పుడు ఆయనకే తెలీదు. ఆ విషయం ఎత్తితే మాత్రం, "పోనిస్తూ, డబ్బులు మిగిలినాయి" అని నవ్వేసేవాడు.

వాళ్ళ ఫ్లాటు హౌరా పక్కనే టికియాపారాలో, నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. కొన్నప్పుడు గాలీ వెలుతురూ అని మురిసిపోయారు. బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని, ఆపరేషన్ చేయించుకుని స్ట్రెచర్ మీద పైకెక్కిన బావ ఇక కిందికి దిగలేదు. అక్కకి మోకాళ్ళ నొప్పులు, ఆమె దిగేది ఆదివారం ప్రార్థనకి, గుడికే. పనిమనుషులు మెట్లు చూసి మూడో రోజుకే మానేసేవారు. అందుకని అప్పట్లో ఖరగ్‌పూర్‌లో ఒంటరిగా హాయిగా ఉన్న నేను పదిహేను రోజులకని నాలుగు చీరలు సర్దుకుని వచ్చాను. ఏడు నెలలదాకా కదల్లేకపోయాను. హాల్లో మడత మంచం నాది. పొద్దున్న బావ వాకర్ చప్పుడు నా తల పక్కనుంచి వెళితే మెలకువ, అక్క టీవీలో పాస్టరుగారి వాక్యం వినడం అయితే నిద్ర. నీళ్ళు వచ్చేవేళ బకెట్లు నింపాలి, తొట్టి నిండేదాకా ఎవరూ స్నానం చెయ్యకూడదు. ముగ్గురం పెద్దవాళ్ళం రెండు గదుల్లో ఒకరి దగ్గు ఒకరం వింటూ బతికాం. కిటికీలోంచి చూస్తే రైలు యార్డు. దక్షిణానికి వెళ్ళే ప్రతి బండీ మా కళ్ళ ముందునుంచే వెళ్ళేది, నేను తప్ప అందరూ ఎక్కడికో వెళుతున్నారని నాకు ఏడుపొచ్చేది.

అక్క కొడుకు హల్దియాకి బదిలీ అవుతూ వదిలేసిన గేమ్ బాక్సు ఒకటి టీవీ కింద పడి ఉండేది. రైలు నడిపే ఆట ఒకటుందని, దానికి తరవాత విడిగా వచ్చిన లైన్లలో హౌరా-ఖరగ్‌పూర్ కూడా ఉందని, అవన్నీ కలిపి ఒకే డబ్బాలో అమ్ముతున్నారని వాడే ఫోన్లో చెప్పాడు. బావ ముఖంలో అలాంటి వెలుగు నేను అక్క పెళ్ళిలో కూడా చూడలేదు. కొనుక్కురమ్మని నన్నే పంపించాడు, ఒక షరతు పెట్టి మరీ. ఇంటికి నెట్టు లేదు, నాలుగో అంతస్తులో ఫోన్ సిగ్నలూ అంతంతమాత్రం, కాబట్టి ఏదైనా సరే డిస్కులోనే ఉండాలి. నేను కొట్టువాణ్ణి అదే మాట మూడుసార్లు అడిగాను. "షొబ్ ఆఛే మాషిమా, భేతొరే షొబ్ ఆఛే," అన్నాడు, అంతా లోపలే ఉందని. డబ్బా మీద కూడా ఖరగ్‌పూర్ స్టేషను బొమ్మ వేసి ఉంది. ఇంటికి తెచ్చి విప్పితే డిస్కులో మంచుకొండల మధ్య ఏదో పరాయి దేశపు లైను ఒక్కటే ఉంది. ఖరగ్‌పూర్ అంతా ఒక కాగితం ముక్క మీద కోడ్ రూపంలో ఉంది, దాన్ని నెట్టు పెట్టుకుని దింపుకోవాలి.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఫోన్ కిటికీ చువ్వలకి కట్టయినా సరే సిగ్నల్ పట్టి ఆ పూటే దింపుదామన్నాను. బావకి కోపం రాకపోగా కాగితం తీసి జాగ్రత్తగా డబ్బాలో పెట్టేశాడు. "తొందరేటి టీచరమ్మా? కొత్త ఇంజను. లెర్నింగ్ అవ్వకుండా లైను మీదికి తీసికెల్తే చార్జిషీటు ఇచ్చీస్తారు," అన్నాడు. రైల్వేలో అదొక కట్టుబాటు. ఎంత సీనియర్ డ్రైవరైనా కొత్త ఇంజనుకీ, కొత్త లైనుకీ ముందు శిక్షణ ట్రిప్పులు చెయ్యాలి, పై అధికారి సంతకం పెట్టాలి, అప్పుడే సొంతంగా నడపాలి. చాలాకాలం ఆ లైను మీదికి వెళ్ళకపోయినా మళ్ళీ మొదటినుంచే. ఆయన లెక్కన ముందు ఆ మంచుకొండల్లో నడపడం నేర్చుకోవాలి. వరసగా మూడు ట్రిప్పులు తప్పు లేకుండా చెయ్యాలి. అది అయ్యాకే హౌరా. "ఆఖరి ట్రిప్పు సరిగ్గా చేస్తాను. నిన్ను ఎక్కించుకుని ఖరగ్‌పూర్‌లో దించుతాను. అప్పుడు ఎల్దువు గాని," అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వడమే నేను చేసిన తప్పు. ఆ తరవాత నేను ఊరెళతానని ఎప్పుడు అన్నా, అక్క గరిటె పట్టుకుని వచ్చి, "మీ బావ దించుతానన్నారు కదే, అంత ఆత్రం ఏటే నీకు?" అనేది.

కళ్ళు సరిగా ఆనవు కాబట్టి ఆయన పక్కన సిగ్నళ్ళు చెప్పడానికి ఒక మనిషి కావాలి. అది నేను. ఇంజనులో ఇద్దరుంటారు, సిగ్నల్ కనబడగానే ఒకరు పైకి చెప్పాలి, రెండోవారు అదే మాట తిరిగి చెప్పాలి, అదీ పద్ధతి. రోజూ భోజనాలయ్యాక నేను స్టూలు మీద కూర్చుని "డబుల్ ఎల్లో" అనేదాన్ని, ఆయన జాయ్‌స్టిక్కు పట్టుకుని "డబుల్ ఎల్లో" అనేవాడు. ముప్ఫైనాలుగేళ్ళు పద్యాలు అప్పగించుకున్న నోటితో మధ్యాహ్నమంతా అదే పని. సంతకం పెట్టే ఇన్‌స్పెక్టరు మా అక్క. ఆవిడకి ఇంజనుకి ముందేదో వెనకేదో తెలీదు, అయినా నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కంది పప్పులో రాళ్ళేరుతూ పరీక్షించేది. బండి ప్లాట్‌ఫారం దాటి నాలుగడుగులు ముందుకి పోతే ఫెయిలు. టీ గ్లాసు టీవీ బల్ల మీద పెట్టినందుకు ఒకసారి ఫెయిలు చేసింది. "పెళ్ళైన కాణ్ణించి చెప్తన్నాను, ఆ గ్లాసు అక్కడ ఎట్టొద్దని," అంటూ ఎర్ర పెన్నుతో కొట్టేసింది. రెండు ట్రిప్పులు బాగా అవ్వడం, మూడోది పాడవడం, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. అలా నెలలు గడిచాయి. వాకర్ పట్టుకుని బావ హాలంతా తిరగడం మొదలుపెట్టాడు, ఆయనకి నా అవసరం తగ్గిపోయింది, కాని నన్ను ఆ ఇంట్లో కట్టిపడేసినది ఆ ఆటే అయింది.

ఆరో నెలలో ఒకరోజు పప్పన్నం తిన్న మత్తులో ఎల్లోని గ్రీన్ అన్నాను. మూడో ట్రిప్పు అది. బండి స్టేషను దాటి పోయింది. బావ జాయ్‌స్టిక్కు విసిరేసి, "కళ్ళున్నోళ్ళకి కూడా కనబడకపోతే నాలాటోడు ఏటైపోవాలి?" అని కేకలేశాడు. నన్ను ఎవరూ అలా కేకలెయ్యలేదు, హెడ్మాస్టర్లు కూడా. డబ్బా సర్దుతుంటే కాగితం జారి కింద పడింది. వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో ఆ కోడ్ వాడుకోవడానికి ఆఖరి తేదీ వేసి ఉంది. ఇంకా మూడు వారాలుంది. ఈ పూటకి ఉడుక్కోనీ, రేపు చెబుదాం అనుకుని కాగితం లోపల పెట్టేశాను. మర్నాడు ఆయన తన వంతు సందేశ్ మిఠాయి నా పళ్ళెంలో వేశాడు. ఇప్పుడు చెబితే నిన్నెందుకు చెప్పలేదంటాడు కదా అనిపించింది. ఆ మర్నాడు మరీ కష్టమైంది. అంత చిన్న మాట నోట్లోంచి రాకపోవడం ఏమిటో, రోజులు గడిచేకొద్దీ అది నన్ను మించిపోయేంత పెద్దదయింది. తేదీ దాటిపోయిన రోజు కూడా నేను స్టూలు మీద కూర్చుని సిగ్నళ్ళు చెబుతూనే ఉన్నాను.

అది దాటిన వారానికి అక్క మూడో సంతకం పెట్టింది. పెట్టి, ఏమనుకుందో, లేచి వెళ్ళి పాయసం చేసింది. నేను నెట్టు కోసం కిటికీ దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. బావ ఒక్కొక్క అక్షరమే కోడ్ కొట్టాడు. గడువు ముగిసిందని తెర మీద వచ్చింది. నేను చదివి వినిపించాను. ఆయన జాయ్‌స్టిక్కు కింద పెట్టి, "ముందే చూసినావేటి?" అని అడిగాడు. "లేదు బావా," అన్నాను. ఆయన నన్నొకసారి చూసి నోటుపుస్తకం మూసేశాడు. పాయసం ముగ్గురం తిన్నాం, ఎవరికీ తీపి తెలియలేదు.

ఇంక దించేదేమీ లేదు కాబట్టి ఆ శనివారం వెళతానన్నాను. ఈసారి ఎవరూ వద్దనలేదు. నేను సంచి తీసుకుంటుంటే బావ వాకర్ వదిలి చేతికర్ర పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఇంజన్లో దించనేకపోనాను. బండెక్కించడానికైనా వొస్తాను," అన్నాడు. అక్క ఓలమ్మో అని గుండెలు బాదుకుంది. ఆయన వినలేదు. రెండు అంతస్తులు దిగేసరికి చెమటలు పట్టి మెట్ల మీదే కూలబడ్డాడు. పైకి పోలేడు, కిందికి రాలేడు. పైనుంచి అక్క అరుస్తోంది. నేను రెండు మెట్ల కింద సంచితో నిలబడి ఉన్నాను. ఎందుకో అప్పుడే నోరు పెగిలింది.

"బావా, ఆ తేదీ నేను ముందే చూసినాను. చెప్పనేదు."

"నాను డబ్బా ఇప్పిన రోజే చూసినాను," అన్నాడు. "బైబిలు చదివే భూతద్దం ఎట్టి."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మర్నాడే కానిచ్చీమంటావు. నిన్ను దించీసినాక నాకింక పనేటుంటాది? మీ అక్కకి మాటాడ్డానికి ఎవులుంటారు?"

నాకు కోపమే వచ్చింది ముందు. ఏడు నెలలు, నా ఇల్లు, నా మంచం, నా తలుపు నేను వేసుకునే హక్కు, అన్నీ ఈయన ఒక కాగితం వెనక దాచిపెట్టాడని ఒళ్ళు మండిపోయింది. మీరు నన్ను బంధించారు అని గట్టిగానే అన్నాను, ఎప్పుడూ లేనిది మీరు అని. ఆయన అవునన్నట్టు తలూపాడు. అంత ఆశపడ్డ ఆఖరి ట్రిప్పుని ఆయన తనంతట తానే పోగొట్టుకున్నాడని అప్పుడు తట్టింది. నా తప్పు ఆయన తప్పు ముందు చిన్నదైపోయిందని లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది, అబద్ధమెందుకు. ఏడుపు ఆ తరవాత వచ్చింది. ఆయన పక్కన మెట్టు మీద కూర్చుని ఏడ్చాను.

మా గొడవ విని రెండో అంతస్తు బీహారీ ఆయన, ఆయన తమ్ముడు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బావని ఎత్తి కూర్చోబెట్టారు. పైకా, కిందికా అని అడిగారు. బావ కిందికే అన్నాడు. వీధిలో టీ కొట్టు ముందు కుర్చీ దించితే, ఏడు నెలల తరవాత ఆ ఎండలో కూర్చుని, రెండు మట్టి భాండాల టీ తాగి, పోయే ప్రతి బ్యాటరీ రిక్షా టోటోవాణ్ణీ పలకరించాడు. సంచి నా చేతిలోనే ఉంది. ఖరగ్‌పూర్‌కి లోకల్ బళ్ళకి కొదవ లేదు, ఒకటి పోతే ఇంకొకటి. ఉండమని ఆయన అడగలేదు, పైనుంచి అక్కా అడగలేదు. ఇంట్లో బంగాళాదుంపలు అయిపోయాయని గుర్తొచ్చి కిలో కొన్నాను, కుర్చీ మోసేవాళ్ళ వెనకాలే మెట్లెక్కాను.

ఆ తరవాత ఇంకో రెండు నెలలు ఉన్నాను. మొదటి ఏడు నెలల్లో ప్రతి రోజూ ఎలా తెల్లారిందో, ఎలా పొద్దుపోయిందో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఎవరూ పట్టుకోకుండా ఉన్న ఆ రెండు నెలలు మాత్రం ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు అయిపోయాయో ఎంత తలచుకున్నా నా చేతికి చిక్కవు.