పెదనాన్న తొందరపాటు

మత్సుమొతో ఊళ్లో మా పెద్దమ్మ కినుయో నడిపిన కాఫీ దుకాణంలో కుర్చీలన్నీ రెండు పెద్ద స్పీకర్ల వైపే తిరిగి ఉండేవి. రికార్డు తిరుగుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. అక్కడ వేసేది ఎక్కువగా బొమ్మల సినిమాల సంగీతం, నిండు ఆర్కెస్ట్రాతో రికార్డు చేసినది. వయసులో ఉండగా మా పెదనాన్న మోరియో అలాంటి ఆర్కెస్ట్రాల్లో ఇత్తడి కొమ్ము ఊదేవాడు.

పొగమంచులో దారి తప్పిన అక్కాచెల్లెళ్ల సినిమా ఒకటుంది. అందులో ఒకచోట వయొలిన్లు సన్నగిల్లి ఆగిపోయాక కొమ్ము ఒంటరిగా అందుకోవాలి. పెదనాన్న రెప్పపాటు ముందే అందుకున్నాడు. మిగతాదంతా బాగా కుదిరిందని అలాగే ఉంచేశారు. విన్నవాళ్లు అది కావాలనే అలా ఊదారనుకున్నారు. పెదనాన్న మాత్రం ఆ చోటు వస్తుందనగా లేచి పెరట్లోకి వెళ్లిపోయేవాడు.

"ఇంకొక్కసారి ఊదనిస్తే సరిగ్గా ఊదేవాణ్ణి" అనేవాడు. ఆసుపత్రి మంచం మీద కూడా అదే మాట.

ఆయన పోయాక పెద్దమ్మ రోజూ సాయంత్రం ఆ రికార్డే వేసేది. ఫొటోలో కన్నా ఆ తొందరపాటులోనే ఆయన ఎక్కువగా ఉన్నాడనేది.

ఒకరోజు రికార్డు ఆగాక, పక్క సందులో మంగలి ఇవావో కప్పు కింద పెట్టి అన్నాడు:

"ఏం కినుయో గారూ, మీ ఆయన ఈమధ్య తొందర తగ్గించుకున్నాడే!"

"నీ మొహం. రికార్డులో మనిషి మారతాడా?"

"ఊళ్లో అందరి చెవుల చుట్టూ కత్తిరించేవాణ్ణమ్మా. నా చెవులు మాత్రం భద్రంగానే ఉన్నాయి."

పెద్దమ్మ నవ్వలేదు. ఆ ఆదివారం నన్ను పిలిపించింది.

"నువ్వు విను. నేను వింటే నాక్కావలసిందే వినబడుతుంది."

విన్నాను. కొమ్ము ముందే వచ్చింది కానీ మునుపటంత ముందు కాదు. తర్వాత వెళ్లినప్పుడు తేడా ఇంకా తగ్గింది. బాగుచేసే అతను వచ్చి సూది మార్చాడు, వేగం సరిచూశాడు, యంత్రంలో లోపమేమీ లేదన్నాడు.

"సరిగ్గా ఊదేస్తే ఆయనకిక ఇక్కడ పనేముంది? లేచి వెళ్లిపోతాడు" అని పెద్దమ్మ ఆ రికార్డును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేసింది.

ఆ తర్వాతే దుకాణంలో ఆ చప్పుడు మొదలైంది. ఒక పాటకూ మరో పాటకూ మధ్య, బీరువా వైపు నుంచి, సన్నటి గొట్టంలోకి ఎవరో వేడి ఊపిరి వదులుతున్నట్టు. స్వరం లేదు, ఊపిరే. తమ వంతు వచ్చేదాకా కొమ్ము చల్లబడకుండా వాద్యగాళ్లు అలా ఊదుతూ కూర్చుంటారు. ఆ చప్పుడు మా అందరికీ వినబడింది. వానాకాలమంతా వినబడింది. బీరువా పక్కన కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు.

"పాపం, ఎంతకాలం కూర్చోబెడతారమ్మా ఆయన్ని?" అన్నాడు ఇవావో. ఈసారి హాస్యానికి కాదు.

ఆగస్టులో, పండక్కి ఇళ్లకు వచ్చిన చనిపోయిన పెద్దలను సాగనంపే సాయంత్రం, పెద్దమ్మ బీరువా తెరిచి ఆ రికార్డు వేసింది. వయొలిన్లు సన్నగిల్లాయి. ఆగాయి. అప్పుడు వచ్చింది కొమ్ము, తొణక్కుండా, సరిగ్గా రావలసిన చోట. పెద్దమ్మ లేచి స్పీకర్లకు నడుం వంచి నమస్కరించింది.

"చాలా కష్టపడ్డారు. ఇక వెళ్లండి" అంది.

పెద్దలకు దారి చూపడానికి వీధి గుమ్మం ముందు భూర్జ చెట్టు ఎండు బెరడు ముట్టించింది. ఆయన పోయినప్పటి నుంచీ ఏటా ఆయన్ను రమ్మని మంట పెట్టిందే కానీ, వెళ్లమని పెట్టడం అదే మొదటిసారి. నల్లటి పొగ నదివైపు పోయింది.

మర్నాడు మళ్లీ వేసింది. వయొలిన్లు సన్నగిల్లి ఆగాయి. కొమ్ము లేదు. కొమ్ము ఊదాల్సినంతసేపూ ఉత్త నిశ్శబ్దం, తర్వాత వయొలిన్లు తమంతట తామే అందుకున్నాయి. ఇవావో ఇంట్లో ఉన్న అదే రికార్డులో పెదనాన్న ఇప్పటికీ ముందే ఊదుతున్నాడు. మా దాంట్లో మాత్రం లేడు.

"వెళ్లాడు" అంది పెద్దమ్మ. అని, కాఫీకి నీళ్లు పెట్టడానికి లోపలికి వెళ్లింది.

మొన్న చలికాలంలో ఆమె కూడా పోయింది. రికార్డు నా దగ్గరుంది. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా శబ్దం పెంచి, స్పీకరుకు చెవి ఆనించి వింటాను. ఊపిరి కూడా వినబడదు.